రిటైరయ్యాక ఊరికా, హనుమకొండకా: ఒక సింగరేణి కుటుంబం కేస్ స్టడీ

పెద్ద కొడుకు ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: "మా బాపుకు మీరు కొంచెం నచ్చజెప్పాలె మేడమ్. ఊరికే పోత అంటున్నడు."

రిటైర్మెంట్ తర్వాత ఎక్కడ ఉండాలనే విషయంలో నా దగ్గరికి వచ్చే కుటుంబాలు చాలావరకు ఇలాగే వస్తాయి. పిల్లలు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉంటారు, పెద్దవాళ్లను ఒప్పించడమే మిగిలి ఉంటుంది. నేను హనుమకొండలో కుటుంబ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ఒప్పించే పని నేను చేయనని, అందరి మాటా విడివిడిగా వింటానని మొదటి ఫోన్‌లోనే చెబుతాను. ఈ కుటుంబం దానికి ఒప్పుకుంది. ఈ కేసు రాయడానికి అనుమతి కూడా ఇచ్చింది. వాళ్లను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

కుటుంబం, నేపథ్యం

తండ్రి సింగరేణి భూపాలపల్లి బొగ్గు గనుల్లో పనిచేసి 2024లో రిటైరయ్యారు. సింగరేణిలో రిటైర్మెంట్ వయసు 2021లో 60 నుంచి 61కి పెరిగింది కాబట్టి ఒక ఏడాది ఎక్కువ సర్వీసు దొరికింది. ఆయన భార్యకు 56 ఏళ్లు. పెద్ద కొడుకుది హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చిన్న కొడుకు ములుగు జిల్లాలో లోపలి మండలంలో పనిచేస్తున్నాడు, ఇద్దరు చిన్న పిల్లలు.

టీచరుకో రైతుకో లేని ఒక ఇబ్బంది గని కార్మికుడికి ఉంటుంది. ఉద్యోగంతో పాటు ఇల్లూ పోతుంది. కంపెనీ క్వార్టర్‌లో దశాబ్దాలు ఉన్నా రిటైరయ్యాక ఖాళీ చేయాల్సిందే. ఎక్కడ ఉండాలనే ప్రశ్న అంతవరకు ఇంట్లో ఎవరూ గట్టిగా ఎత్తరు. చివరి నెలల్లో ఒక్కసారిగా మీద పడుతుంది. ఈ ఇంట్లోనూ అదే జరిగింది.

ఆయన సొంతూరు పరకాల దాటాక రేగొండ వైపు, రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. పరకాల పదిహేను కిలోమీటర్లు, హనుమకొండ దాదాపు యాభై. తండ్రి నాటి పెంకుటిల్లు ఉంది, అందులో ఇప్పుడు అన్న కుటుంబం ఉంటోంది. ఆయన వాటాకు ఎకరంన్నర పొలం. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు.

నలుగురి మాట

ఆయన మాట సూటిగా ఉంది. మూడు షిఫ్టుల ఉద్యోగంలో ఏ రాత్రీ సరిగా నిద్రపోలేదు. గని లోపల చప్పుడు, బయట డంపర్ల చప్పుడు. ఊరికి పోతే ప్రశాంతంగా ఉంటుందని, పొలం చూసుకుంటానని అన్నారు. ఊరి గురించి చెప్పమంటే బతుకమ్మ పండుగ, సద్దుల రోజు చెరువు కట్ట, దసరా నాడు జమ్మి పెట్టుకోవడం, మేడారం పోతూ ఇంటికి దిగే చుట్టాలు... అన్నీ వచ్చాయి. ఏప్రిల్ నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం ఊళ్లో ఎలా ఉంటుందని అడిగితే మాత్రం ఆగిపోయారు. ముప్పై ఏళ్లకు పైగా ఆయన ఊరికి వెళ్లింది పండుగకు, పెళ్లికి, చావుకు.

పెద్ద కొడుకు లెక్క ఆస్తి లెక్క. రిటైర్మెంట్ డబ్బుతో హనుమకొండ శివార్లలో ప్లాటు కొంటే పదేళ్లలో విలువ పెరుగుతుంది, దగ్గర్లో పెద్దాసుపత్రులు ఉన్నాయి. చిన్న కొడుకు లెక్క వేరు. అమ్మానాన్న హనుమకొండలో ఉంటే పిల్లలను వాళ్ల దగ్గర ఉంచి మంచి స్కూల్లో వేయొచ్చు. ఇద్దరూ తల్లిదండ్రుల మీద ప్రేమ ఉన్నవాళ్లే, అందులో నాకు అనుమానం లేదు. అయినా ఇద్దరి ప్లానులోనూ తల్లి పొద్దున నాలుగున్నరకు లేవాలి. ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

ఆమె మొదటి రోజు అందరి ముందూ అన్నది ఒకే మాట: "వాళ్లు ఎట్లంటే అట్ల." ఇలాంటి కేసుల్లో ఈ మాట దగ్గరే నేను ఆగుతాను. భార్య మాట విడిగా వినకుండా ఇల్లు మారే విషయంలో సలహా ఇవ్వడం నా దృష్టిలో సరైన పని కాదు. మగవాళ్లు ఇంట్లో ఉండేది తక్కువ. ఆ ఇంట్లో, ఆ వాడలో పొద్దంతా ఉండాల్సింది ఆమె.

ఒక్కరే వచ్చిన రోజున చాలా మాట్లాడారు. "ఆయనకు ఊరు ఉన్నది మేడమ్. నాకు ఆడ ఉన్నది అత్తగారిల్లు." పదిహేడేళ్లకు పెళ్లై ఆ పెంకుటింట్లో ఆరేళ్లు ఉమ్మడి కాపురం చేశారు. తర్వాత క్వార్టర్‌కు వచ్చారు. నల్లా నీళ్లు, పక్కింటి ఆడవాళ్లు, సాయంత్రం భజన. సింగరేణి సేవా సమితి వాళ్ల దగ్గర కుట్టుపని నేర్చుకుని కాలనీలో జాకెట్లు కుట్టి సొంతంగా సంపాదించుకున్నారు. ఇప్పుడు వెనక్కి వెళితే 56 ఏళ్ల వయసులో మళ్లీ కోడలు. యారాలు (తోడికోడలు) వంటింట్లో ఈమె ఏం ముట్టుకున్నా ఒక లెక్క. హనుమకొండకు వెళితే ఇద్దరు మనవల టిఫిన్ డబ్బాలు, స్కూల్ వ్యాను, హోంవర్కు. మనవలంటే ప్రాణం. కానీ "నేను గూడ రిటైర్ గావద్దా?" అని అడిగారు.

ఇంకో మాట అన్నారు, అది నా నోట్సులో కింద గీత గీసి రాసుకున్నాను: "ఊరికి పోతే ఆయనకు పని లేదు, దోస్తులు ఉన్నరు." సాయంత్రమైతే కల్లు మండువ, చీకటి పడితే బెల్టు షాపు. షుగర్, స్టెంట్ ఉన్న మనిషి విషయంలో ఇది పక్కన పెట్టేంత చిన్న సంగతి కాదు.

మరి మీకేం కావాలని అడిగితే చాలాసేపు ఆలోచించి చెప్పారు. కింది అంతస్తు కావాలి, మెట్లు వద్దు. కుట్టు మిషన్ వీధి గుమ్మం దగ్గర పెట్టుకోవాలి, ఆడవాళ్లు వచ్చిపోతూ ఉండాలి. తన పొయ్యి తనకు ఉండాలి. నెలలో నాలుగు రోజులు ఎవరికీ జవాబు చెప్పకుండా హనుమకొండలో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లి రావాలి. ఇందులో ఊరు అన్న మాటా లేదు, టౌన్ అన్న మాటా లేదు. ఈ నాలుగూ ఎక్కడ దొరుకుతాయో చూడటమే ఆ తర్వాత మేం చేసిన పని.

గుండె, దూరం, రాత్రి

ముందుగా వైద్యం సంగతి. ఆయన గుండె డాక్టరును ఒక ప్రశ్న అడిగి రమ్మన్నాను: ఈ మనిషి ఆసుపత్రికి గంటకు పైగా దూరంలో ఉండొచ్చా? డాక్టరు వద్దనలేదు. మందులు ఆపకూడదని, ఛాతీలో నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకూడదని, ఏ ఆసుపత్రిలో ఏ వైద్యం దొరుకుతుందో ముందే తెలుసుకుని ఉండాలని చెప్పారు.

కుటుంబాలకు నేను అర్థమయ్యేలా చెప్పే విషయం ఇది. గుండెపోటులో మూసుకుపోయిన రక్తనాళాన్ని యాంజియోప్లాస్టీతో తెరవడం మేలైన వైద్యం, కానీ జబ్బు తేలాక రెండు గంటల లోపు అది జరిగేలా ఉండాలి. అంత దగ్గరలో వసతి లేకపోతే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ముందు ఇచ్చి, తర్వాత పెద్దాసుపత్రికి పంపుతారు. పక్షవాతం వచ్చినప్పుడు అలా కరిగించే మందుకు మామూలుగా ఉండే గడువు, లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలు. అందుకే కిలోమీటర్ల కంటే ముందు అడగాల్సింది ఒకటుంది. దారిలో మొదట తగిలే ఆసుపత్రిలో రాత్రిపూట ఈసీజీ తీసి చూసే డాక్టరు ఉంటాడా, ఆ ఇంజెక్షన్ ఉంటుందా? దాన్ని వాళ్లే వెళ్లి కనుక్కోవాలి. షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటులో నొప్పి తెలియకపోవచ్చని, ఒళ్లంతా చెమటలు, ఆయాసం, వికారం మాత్రమే ఉండొచ్చని ఆమెకు విడిగా చెప్పాను. రాత్రి పక్కన ఉండేది ఆమే కదా.

తర్వాత ఒక పరీక్ష పెట్టాను. నిర్ణయానికి ముందు ఊళ్లో రెండు నెలలు, హనుమకొండలో రెండు నెలలు అద్దె ఇంట్లో ఉండి చూడాలని అనుకున్నాం. ఆ రోజుల్లో, రెండు చోట్లా, ఒక మామూలు రాత్రి పదకొండు గంటలకు ఆసుపత్రికి బయలుదేరి చూడాలి. ఎవరికి ఫోన్ చేస్తారు, కారు ఎవరిది, ఎవరు నడుపుతారు? ముందే చెప్పి, ఒప్పుకున్నవాళ్లతోనే చేయాలి. 108కు మాత్రం ఫోన్ చేయకూడదు, అది నిజంగా ఆపదలో ఉన్నవాళ్లది.

ఊళ్లో ఏమైందంటే, ఫోన్ చేసిన పది నిమిషాల్లో అన్న కొడుకు కారుతో వచ్చాడు. అతనికి వీలు కాకపోతే వస్తామని ఇంకో ఇద్దరు అన్నారు. పరకాలకు అరగంట లోపే చేరారు, హనుమకొండకు గంటంబావు. హనుమకొండ అద్దె ఇంటి దగ్గర ఆ రాత్రి ఆటో దొరకడానికే పాతిక నిమిషాలు పట్టింది, అక్కడి నుంచి ఆసుపత్రికి పది నిమిషాలు. పక్క వాటా వాళ్లకు కారు ఉంది, కానీ వీళ్లు వాళ్ల తలుపు కొట్టలేదు. నేను ఎందుకని అడిగితే, "పేరే తెల్వదు మేడమ్, నడిరాత్రి ఎట్ల లేపుతం?" అన్నారు ఆమె. మొత్తం మీద హనుమకొండే దగ్గర, అందులో సందేహం లేదు. కానీ అనుకున్నంత దగ్గర కాదని వాళ్లకు అర్థమైంది. పక్కవాళ్లను పరిచయం చేసుకోవడమూ వైద్య సదుపాయమేనని నాకు అనిపించింది.

వానల సంగతి కూడా చూడమన్నాను. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగిపోయింది. జనం ఇళ్ల పైకెక్కి నిలబడితే హెలికాప్టర్లు వచ్చి కాపాడాల్సి వచ్చింది. ఆ ఊరు పరకాల–భూపాలపల్లి రోడ్డు మీదే ఉంది కాబట్టి ఆ దారిలో ఉండేవాళ్లు ఎవరూ దాన్ని మరిచిపోలేదు. అలాగని టౌన్ క్షేమం అనుకోవడానికి లేదు. అదే వారంలో హనుమకొండలో, వరంగల్‌లో కాలనీలు నీళ్లలో ఉన్నాయి, భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. కాబట్టి ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఓనరును కాకుండా ఎదురింటివాళ్లను అడగమంటాను: ఆ జూలైలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి?

డబ్బు

దీన్ని త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే లెక్క ఒకసారి కాగితం మీద పెట్టాక పెద్దగా వాదన జరగలేదు. బొగ్గు గని కార్మికుల పింఛను పూర్తి సర్వీసు ఉన్నవాళ్లకు చివరి పది నెలల సగటు జీతంలో పాతిక శాతం. ఆ తర్వాత ధరలు పెరిగినా అది పెరగదు, డీఏ లేదు. ఇది ముఖ్యమైన సంగతి. పదేళ్ల తర్వాత కూడా అదే పింఛను వస్తుంది, అద్దె మాత్రం అదే ఉండదు.

పెద్ద కొడుకు ప్లాటుకు అడిగింది పదిహేను లక్షలు. ఆ పదిహేను లక్షలను పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకంలో 8.2 శాతానికి వేస్తే ఏడాదికి 1,23,000, అంటే మూడు నెలలకోసారి 30,750 రూపాయలు చేతికి వస్తాయి. నెలకు 10,250. హనుమకొండలో వాళ్లు చూసిన రెండు గదుల వాటా అద్దె ఎనిమిది వేలు. ప్లాటు మీద నెలనెలా ఏమీ రాదు, పైగా దాని మీద ఇల్లు కట్టాలంటే మళ్లీ డబ్బు కావాలి. ఊళ్లో కొత్త ఇల్లు కట్టినా అంతే. డబ్బు గోడల్లోకి వెళ్లిపోతుంది, నచ్చకపోతే ఊళ్లో ఆ ఇల్లు కొనేవాడు దొరకడు. అందుకని మొదటి రెండేళ్లు ఎక్కడా కొనొద్దు, ఎక్కడా కట్టొద్దు అన్నాను. చందా కట్టి చేరే సింగరేణి రిటైర్డు కార్మికుల వైద్య పథకం భార్యాభర్తలిద్దరికీ వర్తిస్తుంది. అందులో చేరిందీ లేనిదీ చూసుకోమన్నాను. చేరారు.

ఊళ్లో వానాకాలం

జూలై, ఆగస్టు నెలలు ఊళ్లో ఉన్నారు. పండుగ లేని రోజులు కావాలని నేనే పట్టుబట్టాను. అన్న ఇంట్లో కాకుండా, హైదరాబాద్‌కు వెళ్లిపోయిన ఒక కుటుంబం ఇల్లు అడిగి తీసుకున్నారు. పల్లెల్లో ఇప్పుడు తాళం వేసిన ఇళ్లు చాలా ఉన్నాయి, అద్దెకు ఇవ్వడం మాత్రం అలవాటు లేదు. ఇంట్లో దీపం వెలుగుతుందన్న ఒక్క మాట మీద నామమాత్రపు అద్దెకు ఇచ్చారు. రోడ్డు పక్కనే ఉంది, ముందు అరుగు ఉంది.

ఆయన అనుకున్న ప్రశాంతత అక్కడ ఉంది, కానీ అది ఆయన చిన్నప్పటి ఊరి ప్రశాంతత కాదు. పడుచువాళ్లు లేరు. బడి పిల్లలు పొద్దున్నే ప్రైవేటు స్కూలు వ్యాన్లు ఎక్కి పోతారు. పది గంటలకల్లా కూలికి, పత్తి చేలకు జనం వెళ్లిపోతే వాడంతా ముసలివాళ్లు, కోతులు. కోతుల బాధకు పెరట్లో కూరగాయలు పెట్టడం ఊరంతా మానేసింది. టమాటాలు పరకాల నుంచి తెచ్చుకుంటున్నారు. పెరటి తోట ఊహించుకుని వెళ్లిన ఆయనకు ఇది పెద్ద దెబ్బ. పొలం కౌలుకు ఇచ్చి ఉంది, ఒక్కసారిగా తీసుకోలేరు. అయినా రోజూ ఒడ్డు మీదికి వెళ్లి వస్తుంటే నిద్ర బాగా పట్టింది, షుగర్ కొంత తగ్గింది. సాయంత్రాలు దోస్తులతో కూర్చోవడం మొదలైంది, ఆమె భయపడినట్టే.

ఆమె సంగతి నేను అనుకోని మలుపు తిరిగింది. అరుగు మీద మిషన్ పెట్టిన వారంలో మొదటి జాకెట్ వచ్చింది. శ్రావణంలో పెళ్లిళ్లు మొదలయ్యేసరికి చేతినిండా పని. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు జాకెట్ కుట్టించుకోవాలంటే రేగొండకో పరకాలకో పోవాల్సి వచ్చేదట. 2023 డిసెంబర్ నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి చెల్లెలి ఇంటికి వెళ్లి రావడానికి ఎవరినీ డబ్బు అడగాల్సిన పని లేదు. ఆయన తోడు రావాలంటేనే ఖర్చు. సాయంత్రం చివరి బస్సు తప్పితే ఆటో మీద ఆధారపడాలి, అది ఒక్కటే ఇబ్బంది.

యారాలుతో గొడవలు కాలేదు. "ఇల్లు వేరైతే ఆమె గూడ మంచిదే" అన్నారు. అత్తగారి ఊరు అంటే ఉన్న బరువులో సగం ఊరిది కాదని, ఆ వంటింటిదని ఆమెకూ నాకూ అప్పుడు తెలిసింది. మిగతా సగం ఉంది. ప్రతి పురుడుకు, ప్రతి దినానికి వెళ్లాలి, వెళ్లకపోతే మాట పడుతుంది. క్వార్టర్లలో ఇలాంటివి తప్పించుకోవచ్చు.

హనుమకొండలో చలికాలం

దసరా వెళ్లాక నవంబర్, డిసెంబర్ హనుమకొండలో ఒక గల్లీలో కింది వాటా అద్దెకు తీసుకున్నారు. చిన్న కొడుకు పిల్లలను అప్పుడే తెచ్చి ఉంచుతానన్నాడు. వద్దన్నాను. ముందు ఇద్దరే ఉండాలి, లేకపోతే ఎవరు ఎందుకు బాగున్నారో, ఎందుకు లేరో తేలదు.

ఆమెకు హనుమకొండ నచ్చింది. భద్రకాళి గుడికి ఒక్కరే వెళ్లి చెరువు కట్ట మీద నడిచి వచ్చేవారు. "ఏడికి పోయినవని అడిగేటోళ్లు లేరు" అని ఎంతో సంతోషంగా చెప్పారు. చెల్లెలి ఇల్లు దగ్గర. కళ్ల డాక్టరుకు చూపించుకున్నారు, ఎప్పటి నుంచో వాయిదా పడుతున్న పని. కుట్టుపని మాత్రం రాలేదు. గల్లీ చివర బొటిక్ ఉంది, ఎదురింటివాళ్లు ఆన్‌లైన్‌లో రెడీమేడ్ తెప్పించుకుంటారు.

ఆయన మాత్రం వాడిపోయారు. పొద్దున పబ్లిక్ గార్డెన్స్ దాకా నడక, పేపరు, ఆ తర్వాత రోజంతా టీవీ ముందు. ఇన్నేళ్లూ మస్టర్ (గని హాజరు) టైముకు అలవాటు పడిన ఒంటికి ఎక్కడికీ పోవాల్సిన పని లేకపోవడం మామూలు కష్టం కాదు. తిండి తగ్గింది, చిరాకు పెరిగింది. కూరలో ఉప్పు నుంచి ఫ్యాను వేగం దాకా అన్నిటికీ ఆమె మీదే విసుగు. నేను డిప్రెషన్ లక్షణాల ప్రశ్నావళి పెట్టాను. స్కోరు మధ్యస్థంగా వచ్చింది. మానసిక వైద్యుడికి చూపించమన్నాను, రెండుసార్లు వెళ్లి మానేశారు. మద్యం ముట్టలేదు, అది నిజం. అయితే ఆ రెండు నెలల్లో ఆయన నవ్వలేదని ఆమె చెప్పారు.

నిర్ణయం

2025 మొదట్లో అందరం కూర్చున్నాం. నా అభిప్రాయం అడిగారు, దాచలేదు. గుండె దృష్ట్యా నేను హనుమకొండ వైపే ఉన్నాను. ఆమెకు అక్కడ దొరికిన స్వేచ్ఛ కూడా నా కళ్ల ముందు ఉంది. పిల్లల బాధ్యత మీద పడకుండా, ఆయనకు ఏదో ఒక పని చూసి, అక్కడే ఉండొచ్చని చెప్పాను.

ఆమె ఒప్పుకోలేదు. ఊరికే పోదామన్నారు. కొడుకులిద్దరూ ఆశ్చర్యపోయారు, అమ్మ బాపు కోసం సర్దుకుంటోందని పెద్దవాడు అన్నాడు. అది కాదని ఆమె చెప్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఈడ పొద్దంతా ఆయనను నేనే మొయ్యాలె. ఆడ ఊరు మోస్తది. నా మిషన్ నాకుంటది."

ఈ మాట మీద నేను చాలా ఆలోచించాను. ఊరంటే అత్తగారిల్లు అని భయపడిన మనిషే ఊరిని ఎంచుకున్నారు, అది కూడా తన తీరిక కోసం. రిటైరైన భర్త రోజుకు పద్నాలుగు గంటలు ఇంట్లో ఉంటే ఆ ఇల్లు ఎక్కడుందన్నది భార్యకు రెండో సంగతి. ఆయనను అరుగు మీదికి, ఒడ్డు మీదికి, పంచాయతీ ఆఫీసు ముందుకు పిలుచుకునే నలుగురు ఎక్కడ ఉన్నారన్నదే మొదటి సంగతి. ఇలాంటి కేసుల్లో వైద్యాన్ని, డబ్బును, పిల్లల రాకపోకలను లెక్కలోకి తీసుకుంటాం. భార్య మీద పడే ఈ బరువుకు మన ఫారాల్లో గడి ఉండదు. ఉండాలి.

ఒప్పందాన్ని కాగితం మీద రాయించాను. ఆమె షరతులు ముందు: అదే రోడ్డు పక్క ఇల్లు, అన్న ఇంటితో ఉమ్మడి వంట లేదు. నెలలో నాలుగు రోజులు హనుమకొండ, ఆ రోజుల్లో ఆయన అన్నం ఆయనే వండుకోవాలి. బెల్టు షాపు వైపు వెళ్లకూడదు. ఇది మాట తప్పితే తాను చెల్లెలి దగ్గరికి వెళ్లి అక్కడే ఉంటానని ఆమె స్వయంగా చెప్పి రాయించారు. కొడుకుల వంతు: ప్లాటు మాట రెండేళ్లు ఎత్తకూడదు. చిన్న కొడుకు పిల్లల చదువుకు వేరే ఏర్పాటు చూసుకోవాలి. అతను కొంచెం బాధపడ్డాడు, అది సహజమే. చివరికి అతని భార్యా పిల్లలు హనుమకొండలో ఉంటున్నారు, అతను వారానికోసారి వస్తున్నాడు. అది వాళ్లకు సులువైన జీవితం కాదు, ఆ బరువు ఎటూ పోలేదు, చోటు మారింది.

ఎప్పుడు ఊరు వదిలి రావాలో కూడా రాసుకున్నారు. గుండె మళ్లీ ఇబ్బంది పెడితే, ఇద్దరిలో ఒకరు బస్సు ఎక్కలేని స్థితికి వస్తే, రాత్రి కారు నడిపే ఇద్దరు మనుషులైనా ఊళ్లో లేకుండా పోతే, ఇద్దరిలో ఒకరే మిగిలితే. చివరిది రాసేటప్పుడు గదిలో ఎవరూ మాట్లాడలేదు. కానీ అది ముందే రాసుకోకపోతే ఆ సమయం వచ్చినప్పుడు నిర్ణయం తీసుకునేది ఇంకెవరో అవుతారు. డబ్బు పోస్టాఫీసులోనే ఉండాలని, హనుమకొండలో అద్దె అడ్వాన్సుకు సరిపడా మొత్తం బ్యాంకు ఖాతాలో విడిగా ఉంచాలని కూడా అందులోనే ఉంది.

ఆ తర్వాత

ఏడాది దాటింది. ఆయన కౌలు గడువు తీరాక ఎకరంన్నరలో అర ఎకరం తీసుకున్నారు, మిగతాది కౌలుకే వదిలారు. ఒంటికి అంతకు మించి వద్దని డాక్టరూ అన్నారు. నిద్ర బాగుంది. ఎండాకాలంలో పొలం పని లేని రెండు నెలలు మళ్లీ తాగుడు మొదలైంది. ఆమె అన్నమాట ప్రకారం చెల్లెలి ఇంటికి వచ్చేశారు, ఇరవై రోజులు ఉన్నారు. ఆయన వచ్చి తీసుకెళ్లారు. అప్పటి నుంచి తగ్గింది, పూర్తిగా మానలేదు. ఈ విషయంలో ఈ కేసును నేను విజయంగా రాయలేను. వ్యసన చికిత్సకు పంపాలన్న నా సూచన ఇంకా అలాగే ఉంది.

ఆమె దగ్గర ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లలు కుట్టు నేర్చుకుంటున్నారు. హనుమకొండ నాలుగు రోజులు ఒక్క నెల కూడా తప్పలేదు. వచ్చినప్పుడల్లా ఆయన మందులు నెలకు సరిపడా ఆమే తీసుకెళ్తున్నారు. పరకాలలో రాత్రి డాక్టరు ఎవరో, ఫోన్ నంబరు ఏదో వంటింటి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టించాను.

పెద్ద కొడుకు ప్లాటు మాట మళ్లీ ఎత్తాడు, గడువు ఇంకా ఉందని తల్లి ఫోన్‌లోనే చెప్పేసింది. 2027 మొదట్లో మళ్లీ అందరం కూర్చోవాలి. ఆ రోజుకు ముందు రెండు పనులు చేసి రమ్మన్నాను: గుండె డాక్టరుతో కొత్త పరీక్షలు, ఊళ్లో ఇంకో రాత్రి కారు పరీక్ష. కారు నడిపే ముగ్గురిలో ఒకరు ఈ మధ్యే హైదరాబాద్ వెళ్లిపోయాడు.